నాగలత మోచేతి పొలుసులు

మధ్యాహ్నం బెల్లు కొట్టాక రాంబాబు సార్ బోర్డు మీద చేప బొమ్మ వేశారు.

"దీని ఒంటి మీద ఉండేవి ఏంది?"

"పొలుసులు సార్!" అని నాలుగో తరగతి మొత్తం అరిచింది.

"పాముకు గూడ ఉంటయి సార్!" అన్నాడు హాతీరాం.

నాగలత గబుక్కున చొక్కా చేతిని మోచేతి కిందికి లాక్కుంది. పొద్దున బడిపిల్లల ఒళ్లు పరీక్షించడానికి వచ్చిన నర్సమ్మ ఆ మోచెయ్యి చూసి, "పొలుసులు లేచినయ్" అనుకుంటూ వెళ్లిపోయింది. అంటే ఏమిటని నాగలత అడగలేదు. ఇప్పుడు లోలోపల లెక్కేసుకుంది. చేపకు, పాముకు, తనకు!

సాయంత్రం ఇంట్లో తమ్ముడు నాని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. నాగలత గోడకు ఆనుకుని నిలబడింది.

"పిల్లగాడు ఏడుస్తుంటే గట్ల చూస్తవేందే? ఎత్తుకోరాదా!" అని అమ్మ పెరట్లోంచి కేకేసింది.

"నేను ముట్టుకోనమ్మా. వాడికి గూడ పొలుసులొస్తయి. నేను చేపనైపోతున్న!"

అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ పరుగున వచ్చి నానిని చంకనేసుకుంది. కూతురి మోచెయ్యి తిప్పి చూసింది.

"చలికి తోలు ఎండింది బిడ్డా. పామాయిల్ తోటల తిరిగే మీ నాయన మడమలకు గూడ గిట్లనే లేస్తయి."

"మరి నర్సమ్మ పొలుసులన్నది?"

"ఆ మాట సంగతి మీ సార్‌నే అడుగు."

మర్నాడు ప్రార్థనకు ముందే నాగలత సార్ దగ్గరికి వెళ్లి, తల దించుకుని అడిగింది. సార్ నవ్వలేదు. బల్ల మీది స్కేలు తీశారు.

"ఇంగ్లీషుల చేప పొలుసును గూడ స్కేలే అంటరు. మరి ఇది ఈదుతదా?"

నాగలత కిసుక్కుమంది.

"చేప స్కేలు 'చిప్ప' అని అర్థమొచ్చే పరాయి పాత మాట నుంచి వచ్చింది. కొలిచే స్కేలు 'నిచ్చెన' అని అర్థమొచ్చే ఇంకో మాట నుంచి. పలికేది ఒకటే, పుట్టిన చోట్లు వేరు."

"మన పొలుసు, సార్?"

"చేపవైనా, ఎండిన తోలువైనా, పలచగ బిళ్లల లెక్క ఊడుతయి. చూస్తే ఒక్కతీరుగ ఉంటయని ఒకే మాట. ఆ మాట మొదలు ఎట్ల పుట్టిందో నాకు గూడ తెల్వదు. నీవి మాత్రం అంటుకునేవి కావని నర్సమ్మ నిన్ననే నాకు చెప్పింది. కొబ్బరినూనె రాస్కో."

గుండెల మీంచి బండ దించినట్టయింది నాగలతకు. ఆ సాయంత్రం సంచి కూడా దించకుండా నానిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

మరో వారం సార్ కప్ప పాఠం చదువుతున్నారు. "కప్ప ఉభయచరం..."

అందరూ తలలూపారు. నాగలత కూడా ఊపబోయి, ఆగి, చెయ్యెత్తింది.

"సార్, ఉభయచరం అంటే ఏంది?"

వెనక బెంచీలో హాతీరాం హమ్మయ్య అనుకుని, "నాకు గూడ తెల్వదు సార్," అన్నాడు.