తుంగభద్ర గట్టున రంగు రేకు

"వారం టైమ్. దొంగను పట్టు," అన్నాడు చీఫ్.

1955. కర్నూలు శివారు ల్యాబ్‌లో ఓడల పెయింటు త్వరగా ఆరడానికి కలిపే డ్రయర్ మీద టెస్టులు నడుస్తున్నాయి. విదేశీ కోబాల్టుకు బదులు మన మాంగనీసు. ఆ ఫార్ములా కోసం ఒక విదేశీ ముఠా కాచుకొని ఉంది. ల్యాబ్‌లోనే వాళ్ల దొంగ ఒకడున్నాడని కబురు. ఏజెంట్ ఎస్-7 బసవరాజు రంగుల కూలీ వేషంలో దిగాడు. తోడుగా టైపిస్టు వేషంలో మిస్ షీలా. ఆమె నవ్విందంటే మనవాడికి చీఫ్ మాటలు గుర్తుండేవి కావు.

"ఖాసిం సాహెబ్ మీద కన్నేయండి," అంది షీలా. " రోజూ తడిగుడ్డలో ఏదో చుట్టుకుని ఏటికి పోతాడు. డ్రయర్ బీరువా నేను చూసుకుంటా. చీఫ్ మీకిచ్చిన తాళం ఇవ్వండి."

ఇచ్చాడు! ఏజెంటట, ఏజెంటు.

ఖాసిం సాహెబ్ నలభై ఏళ్లుగా రంగులేసే మేస్త్రీ. తుంగభద్ర గట్టున, బట్టలుతికేవాళ్లందరి ముందు, బసవరాజు ఆయన తలగుడ్డ లాగేశాడు. "ఫార్ములా యాడ దాచినావు, దొంగ ముసలోడా?"

తడిగుడ్డలో ఉన్నది ఓడల బూడిద రంగు పూసిన రేకు ముక్క.

"మన ఎండకు ఏ రంగైనా ఆరుతుందప్పా," అన్నాడు ఖాసిం. "ఓడ తిరిగేది తేమలో గదా. అందుకే ఈడికి తెచ్చి చూస్తాండా. మొన్నటిది బాగా ఆరింది. ఇది నిన్న పూసింది. వేలు పెట్టి చూడు."

వేలికి జిగటగా అంటుకుంది.

"డ్రయర్ ఎవరో మార్చినారు. రేపు ఆఫీసర్లు తేమలోనే చూస్తారు. మనది పనికిరాదంటారు."

తాళం ఎవరి దగ్గరుందో గుర్తొచ్చి బసవరాజుకు తల కొట్టేసినట్టయింది. పరుగెత్తి చూస్తే బీరువా ఖాళీ. షీలా డోన్ బస్సెక్కిందని వాచ్‌మన్ చెప్పాడు.

జీపులో ఖాసిం కూడా ఎక్కాడు. డోన్ స్టేషన్లో మద్రాసు రైలు కదులుతోంది. కిటికీ పక్కన ముసుగేసుకున్న ముసలమ్మ.

"ఆ యమ్మ గోరు చూడప్పా! మన బూడిద రంగు!"

బసవరాజు ఎగిరి ఎక్కాడు. ముసుగులో ఉన్న షీలా అసలు డ్రయర్ సీసాను పట్టాల మీదికి విసరబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. లిప్‌స్టిక్ గొట్టంలో ఫార్ములా ఫిల్ము దొరికింది.

మరునాడు అసలు డ్రయర్ కలిపి పూసిన రేకు ఆఫీసర్ల ముందే తేమలో ఆరింది. చీఫ్ భుజం తట్టాడు. బసవరాజు తలెత్తలేకపోయాడు. ఖాసింను గదిలోకి పిలిచి, "తప్పైపోయింది సాబ్," అన్నాడు.

"గుడ్డ లాగింది నలుగురిలో. తప్పని చెప్పేది గదిలోనా నాయనా?"

"బయట నోరెత్తావంటే నీ వేషం బయటపడుతుంది!" అన్నాడు చీఫ్.

పోనీ అనుకున్నాడు బసవరాజు. సాయంత్రం ఏటి గట్టున తన చేత్తోనే ఖాసింకు తలగుడ్డ చుట్టాడు. "ఈయన దొంగ కాదు. దొంగకు తాళమిచ్చింది నేను. నేను గవర్నమెంటు గూఢచారిని." సిగ్గుతో చెవులు మండిపోయాయి.

గట్టున బట్టలుతికే హనుమంతమ్మ చీర పిండుతూ తలెత్తింది.

"మొదటిరోజే తెలుసులేప్పా. బ్రష్షు పట్టుకునేది రాని రంగుల కూలీ యాడన్నా ఉంటాడా?"