కొక్కేనికి తగిలించిన టోపీ

"పట్టుకోండి వాణ్ణి!"

ఎవరూ పట్టుకోరు. వేలంపాట హోరులో ఆమె కేక ఎవరికి వినబడుతుంది?

ఆమె పరుగెడుతోంది. చేతిలో చేపలు కోసే కత్తి. కాళ్ళ కింద నీళ్ళు, పొలుసులు, ఐసు ముక్కలు... ఇంకా తెల్లవారలేదు. రేవులో పడవలు సరుకు దించుతున్నాయి. అన్ని లైట్ల మధ్యా ఆమెకు కనిపిస్తున్నది ఒక్కటే. ముందు పారిపోతున్న వాడి వీపు!

తాళాలాయన!

మార్కెట్ కోల్డ్ రూముల తాళాలు వాడి దగ్గరే ఉంటాయి. కిందటి నెల ఆమె తమ్ముడు లోపలుండగా తాళం వేసింది వాడే. తెల్లారి తలుపు తీస్తే... తమ్ముడు పెట్టెల మధ్య ముడుచుకుని ఉన్నాడు. చిన్నప్పుడు అక్క పక్కలో పడుకున్నట్టే.

నిన్న పోలీసులు తాళాలాయన్ని వదిలేశారు. పొరపాటట!

పొరపాటా?

"వదినా, అటు తిరిగాడు! రొయ్యల వరస వెనక్కి!"

వెనకే మరిది. ఐసు బండి నడుపుతాడు. తమ్ముడు పోయినప్పటి నుంచీ ఆమెను నీడలా అంటిపెట్టుకుని ఉన్నాడు. వాణ్ణి వదిలేశారన్న కబురు తెచ్చిందీ, కత్తికి సాన పట్టించిందీ అతనే.

ఆమె మోకాలు తగిలి రొయ్యల తొట్టె బోల్తా!

"కళ్ళు నెత్తికెక్కాయా? ఏ పెళ్ళికి ఆ పరుగు?" తొట్టె తాలూకు మనిషి అరుస్తుంది.

"చావుకి!"

సందు మలుపు. ఎవరూ లేరు!

వరసగా కోల్డ్ రూములు. అన్నీ ఒకేలాంటి ఇనప తలుపులు. ఎందులో దూరాడు?

చివరి తలుపు పక్కన, కొక్కేనికి... ఉన్ని టోపీ ఒకటి ఇంకా ఊగుతోంది.

లోపలికి వెళ్ళేవాడు తన టోపీ బయట తగిలించాలి. లోపల మనిషి ఉన్నాడని గుర్తు. టోపీ ఉన్నంతసేపూ ఆ తలుపు ఎవరూ వెయ్యరు. ఏళ్ళ తరబడి అలవాటు... ప్రాణం మీదికి వచ్చినా చెయ్యి దాని పని అది చేసేసింది!

"బయటికి రారా!"

తాళాలాయన వస్తాడు. నోట్లోంచి పొగలు. తన టోపీ తీసుకుని చేతుల్లో నలుపుతాడు.

"నీ కాళ్ళకి దణ్ణం పెడతానమ్మా. ఆ రోజు కొక్కేనికి టోపీ లేదు. లేకపోతే తాళం వెయ్యడం నా పని. ఎవరైనా ఉన్నారా అని కేక కూడా వేశా. ఆ కోల్డ్ రూము మోటారు హోరులో..."

"అబద్ధం!" మరిది గొంతు. "వీడి దొంగసరుకు మీవాడి కంట పడింది. అందుకే టోపీ తీసేసి తలుపు బిగించాడు. పొడువు వదినా!"

దొంగసరుకు నిజమే. ఆ రాత్రి తమ్ముడు చెప్పాడు. "చేపల పెట్టెల్లో వేరే సరుకు పోతోందక్కా. ఎవరి పనో చెబితే నువ్వు తట్టుకోలేవు. పొద్దున చెబుతాలే. వెళ్ళొస్తా."

రాలేదు.

కత్తి మొన తాళాలాయన గొంతుకి ఆనుతుంది. అక్కడే ఆగుతుంది.

మరిది ఆమె చెవి దగ్గరికి వంగుతాడు. "గుండె రాయి చేసుకో. నీలం వల దారంతో ఎంత ప్రేమగా కుట్టిచ్చావు ఆ టోపీ! ఏ మురిక్కాలవలో పారేశాడో వీడు... తలుచుకో!"



నీలం వల దారం...

ఆ రాత్రి పనిలోకి పోతూ తమ్ముడు ఆమె కొట్టు దగ్గర ఆగాడు. టోపీ చిరిగి ఉంది. చేతికి అందిన వల దారంతో వాడి తల మీదే కుట్లు వేసింది. "నెత్తి కూడా కలిపి కుట్టేస్తావేంటే!" అని నవ్వాడు. అటు నుంచి అటే కోల్డ్ రూముకి వెళ్ళాడు. ఆ టోపీ మళ్ళీ దొరకలేదు. ఆ కుట్ల మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనబోతే ఏడుపు వచ్చేది.

మరి ఇతనికెలా తెలుసు?

కొక్కెం మీంచి తీసినవాడికే తెలుస్తుంది!

ఆమె గొంతు మామూలుగానే ఉంటుంది.

"కత్తి వద్దు మరిదీ. తమ్ముడెలా పోయాడో వీడూ అలాగే పోవాలి. కట్టి లోపల పడేద్దాం. పెట్టెల వెనక తాడుంటుంది, పట్రా."

"అదీ... మా వదినంటే!"

మరిది టోపీ తీస్తాడు. చూడకుండానే కొక్కేనికి తగిలిస్తాడు. లోపలికి పోతాడు.

ఆమె ఆ టోపీ అందుకుంటుంది. నడుముకి దోపుకుంటుంది. తలుపు నెట్టి గడియ వేస్తుంది.

తాళాలాయన కళ్ళు పెద్దవవుతాయి.

"కొక్కేనికి ఏముంది?"

"ఏమీ... ఏమీ లేదమ్మా."

"కేక వెయ్యి."

"లో... లోపల ఎవరైనా ఉన్నారా?"

ధన్! తలుపు మీద గుద్దు! "వదినా!"

మోటారు హోరెత్తుతోంది.

"వినబడిందా?"

అతను ఆమె చేతిలోని కత్తి వంక చూస్తాడు. ఖాళీ కొక్కెం వంక చూస్తాడు.

"లేదమ్మా."

"అయితే నీ పని నువ్వు చెయ్యి."

తాళం పడుతుంది!

చల్లటి ఇనప తలుపుకి ఆమె చెంప ఆనిస్తుంది.

"వెళ్తున్నా మరిదీ."

వెళ్ళొస్తానని మాత్రం అనదు.