బెరార్దో తట్టే తలుపులు

మా కోల్లెసాంతోకి ఎగువన, కొండ మలుపులో గొర్రెల కాపరి బెరార్దో కొట్టం ఉంది. పొద్దు వాలితే అటు గొర్రె కూడా మొహం తిప్పదు. పాత భూకంపంలో ఆ కాపరి మా వీధిలోనే, ఒక గుమ్మం ముందు గోడ కింద పడి చచ్చాడు. ఎన్నేళ్లకో ఒకసారి కొట్టంలోంచి లేచి, లోయ దిగుతూ ఊరూరా తలుపులు తడతాడని చెప్పుకుంటారు.

తెలిసిన గొంతుతో, పేరు పెట్టి పిలుస్తాడట... పలికామా, వెంట తీసుకుపోతాడట. అందుకే గడియ వేసి గుమ్మానికి అడ్డంగా చీపురు పెడతాం. వెధవ, దాని పుల్లలు లెక్కపెట్టుకుంటూ తెల్లారేదాకా అక్కడే ఉండిపోవాలి.

ఆ చలికాలం తట్టుడు మొదలైంది. ముందు పైనున్న రోక్కాబ్రూనాలో — ధన్... ధన్... అల్మరాలో గిన్నెలు గలగలమన్నాయి. కొన్నాళ్లకి అక్కడ ఆగి, దిగువన ఫోంతెల్లాలో. ఆ తర్వాత మా ఊరి చివర పిండిమరలో.

వ్యానులో రొట్టెలమ్మే ఒర్సోలా మూడు ఊళ్లూ తిరిగేది. బెరార్దో దారి పట్టుకుని వంతెన మీదుగా రావడం లేదని, పాత భూకంపానికి నేల చీలిన గీత మీదుగా తిన్నగా వస్తున్నాడని కాఫీ దుకాణంలో చెప్పింది. ఇళ్లలో పడుకోవద్దని బతిమాలింది.

"చచ్చినవాడికి వంతెన దేనికమ్మా?" అన్నాడు మంగలి నికోలా. అందరూ నవ్వారు.

ఆ రాత్రే ఒర్సోలా మంచం కింద — ధన్...

తలుపు మీద కాదు. నేల అడుగు నుంచి.

చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. కనబడ్డ తలుపల్లా బాదింది. పేరు పేరునా పిలిచింది. ఒక్కో ఇంట్లో దీపం ఆరింది... గడియ పడింది... గుమ్మంలో చీపురు పడింది.

చివరికి కన్నతల్లి అస్సుంతవ్వ తలుపు. పిడికిళ్లు చిట్లి నెత్తురొస్తోంది.

"అమ్మా... నేనే. బయటికి రావే."

లోపల అవ్వ చెవులు మూసుకుంది.

"నా బిడ్డ గొంతు ఎత్తుకొచ్చావా? పో... పో."

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా —"

అంతే. లోయ మొత్తం ఒక్కసారి ఊగింది.

తలుపు దగ్గరి ఆ మాటలన్నీ అస్సుంతవ్వే నాకు చెప్పింది. లోపలున్న ఆమె మీద దూలం అడ్డంగా నిలిచి కాపాడింది. బయటి గోడ మాత్రం వీధిలోకి విరుచుకుపడింది. రాళ్లు తీస్తే ఒర్సోలా చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

"బెరార్దో కూడా లేపడానికే తట్టాడేమో, పాపం," అంటుంది అవ్వ. ఆ మాట వినలేక నేను లేచి వచ్చేస్తాను.

ఇప్పుడు రేకుల ఇళ్లలో ఉంటున్నాం. మొన్నటి నుంచి రోక్కాబ్రూనాలో మళ్లీ తట్టుడు వినిపిస్తోంది. ఈసారి ఆడగొంతు అంటున్నారు... "అమ్మా, నేనే" అంటోందట.

ఊరంతా కొత్త చీపుళ్లు కొంటోంది.

అస్సుంతవ్వ మాత్రం గడియ ఊడబీకించింది. చీకటి పడగానే కోటు వేసుకుని, గుమ్మం బయట కుర్చీ వేసుకు కూర్చుంటోంది.