ఆపరేషన్ పెద్దపేగు

హతుడు పేగు గోడకు జిగురు పూసే కాపలాదారు. గోబ్లెట్ సెల్ అంటారు. రేపోమాపో రిటైర్ కావలసినవాడు. ఎమ్మిగనూరు దేవేంద్ర పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, దాంతోపాటు నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, ఆదోని బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకునేలోపల, అతని పెద్దపేగు ఎడమ సెక్టార్‌లో ఈ హత్య జరిగిపోయింది. గోడకు చిల్లు పడింది. సాక్షులు లేరు. అక్కడున్నవాళ్లంతా కొట్టినవాళ్లే.

దేవేంద్రకు కడుపులో మెలిపెట్టినట్టయింది. గ్యాస్ అనుకున్నాడు.

దేవేంద్ర ఇంట్లో జలుబు తప్ప మిగతా రోగాలన్నిటికీ అదే కోడ్ వర్డ్. డాక్టరు అల్సరేటివ్ కొలైటిస్ అని చీటీ మీద రాసిచ్చినా, కర్నూలు నుంచి తిరిగొచ్చే బస్సులోనే అది గ్యాస్‌గా మారిపోయింది. కొలైటిస్ అంటే నలుగురూ అదేంటని అడుగుతారు. గ్యాస్ అంటే అడగరు, తమ గ్యాస్ గురించి చెప్పుకుంటారు.

సరిగ్గా అప్పుడే, పేగు వెనక లింఫ్ నోడ్‌లో ఉన్న హెడ్‌క్వార్టర్స్ నుంచి ఏజెంట్ పీ-త్రీకి పిలుపొచ్చింది. పీ-త్రీ రెగ్యులేటరీ టీ-సెల్. ఇమ్యూనిటీ డిపార్ట్‌మెంట్‌లో అందరి పనీ కొట్టడం, ఇతని పని ఆపడం. అందుకే స్నేహితులు తక్కువ. ప్రమోషన్లు అంతకన్నా తక్కువ.

చీఫ్ కాశప్ప డెండ్రైటిక్ సెల్. ఒంటినిండా చేతులే. ఒక్కో చేతిలో సరిహద్దు నుంచి తెచ్చిన ఒక్కో ఆధారం పట్టుకుని కూర్చున్నాడు.

"గోడ పగిలింది. బ్యాక్టీరియా లోపలికొచ్చినాయి. ఫారిన్ ముఠా పని అని అరుస్తాండారు అందరూ."

"నువ్వేమంటావన్నా?"

"నేనేమనేదప్పా. అవి ఈయప్ప పుట్టినప్పట్నుంచి ఈడనే బాడుగకుండాయి. జొన్నరొట్టె తినే కాలంలో మనకు సాయం గూడా చేసినాయి."

నిజమే. ఆ అద్దెకున్నవాళ్లు జొన్నల పీచును నమిలి బ్యూటిరేట్ అనే సరుకు తయారుచేసేవాళ్లు. పీ-త్రీ బ్యాచ్ మొత్తం దానిమీదే పెరిగింది. ఆదోని పత్తి కంపెనీలో అకౌంటెంట్ ఉద్యోగం పర్మనెంట్ అయిన రోజు నుంచి దేవేంద్ర జొన్నరొట్టె మానేశాడు. అది పల్లెటూరి తిండి అన్నాడు.

"మరి కొట్టేదెవరు?"

"మనోళ్లే. దేవరగట్టు దసరా కట్టెల కొట్లాట మాదిరి. ఎవని కట్టె ఎవని నెత్తిన పడిందో తెల్లారితే గానీ తెలీదు. ఆడ ఒక రాత్రితో అయిపోతాది. ఈడ తెల్లారేదే లేదు."

తర్వాత బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల బెటాలియన్ గోడ మీద పడింది. కర్నూలు డాక్టరు ముందే చెప్పాడు, వచ్చే కెమెరా పరీక్ష నాటికి పుళ్లు తగ్గకపోతే పెద్దపేగు మొత్తం కోసి తీసేస్తానని. అప్పుడు దేవేంద్ర నడుముకు మలం సంచి కట్టుకుని తిరగాలి. పీ-త్రీకి తిరగడానికి చోటే ఉండదు. సాయంగా పై నుంచి ఒక పార్సిల్ వస్తుంది. పేరు మెసాలమిన్. దానికి ఎర్ర కోటు. ఆ కోటు దారిలో ఎక్కడా కరగదు, పెద్దపేగు దగ్గరికొచ్చాకే విచ్చుకుంటుంది. అంతదాకా గుంపును ఆపాలి.

"పార్సిల్ రాకుంటే?"

కాశప్ప చేతులన్నీ వెనక్కి కట్టుకున్నాడు. కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "నీ కార్డు భద్రం," అన్నాడు.

పీ-త్రీ ఐడెంటిటీ కార్డు పేరు ఫాక్స్-పీ-త్రీ. అది చెరిగిపోతే ఆపేవాడు కూడా కొట్టేవాడైపోతాడు.

మామూలు టీ-సెల్ వేషంలో అతను ఎడమ సెక్టార్‌లో దిగాడు. వేషానికి పెద్ద కష్టపడలేదు. పైకి చూస్తే టీ-సెల్స్ అన్నీ ఒకటే. చంకలో గుంపును చల్లబరిచే ఐఎల్-10 స్ప్రే. బెటాలియన్ యాసిడ్ చల్లుతోంది. పది చుక్కల్లో ఒకటి బ్యాక్టీరియా మీద, తొమ్మిది సొంత గోడ మీద. పీ-త్రీ స్ప్రే కొట్టాడు. ముందు వరుసలో ఇద్దరు చల్లబడి, మనమెందుకొచ్చినాం అని ఒకర్నొకరు అడిగారు. వెనక వరుస వాళ్లను తొక్కుకుంటూ ముందుకు పోయింది.

పగిలిన గోడకు ఆనుకుని ఆమె నిలబడి ఉంది. మిస్ సెవెంటీన్. టీహెచ్-17. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను చూసి మెడ తిప్పనివాడు లేడు. ఇద్దరిదీ ఒకే ట్రైనింగ్. ఆఖరి రోజు ఎవరో ఆమె చెవిలో ఐఎల్-6 అనే కొట్టుడు మంత్రం గుసగుసలాడారు, అతని చెవిలో ఆడలేదు. తేడా అంతే. పొద్దున ఆమె గోడ చిల్లుకు మాటు వేస్తుంది, మధ్యాహ్నం అదే గోడ మీదికి బెటాలియన్‌ను పిలుస్తుంది. రెండు పనుల్లోనూ నిజాయితీ ఉంది.

"ఇంకా ఆ స్ప్రే పట్టుకోనే తిరుగుతాండావా?"

"పిలిచేది ఆపు. పేగు పోతాది."

"నేనాపితే ఇంకొకతి పిలుస్తాది. నా చెవుల్లో గుసగుస ఆపు, నేనాగుతా." ఆమె అతని జేబు వైపు చూసింది. "ముందు నీ కార్డు సూసుకో."

కార్డులో మొదటి అక్షరం మసకబారి ఉంది.

పార్సిల్ ఒక్కటే దిక్కు. మర్నాడు పొద్దున, పొట్ట గోడకు చెవి ఆనించి పీ-త్రీ పైనుంచి వచ్చే మాటలు విన్నాడు. గరగర శబ్దం వినిపించింది. దేవేంద్ర పండ్లు కోసే చాకుతో మాత్ర మీది ఎర్ర పూతను గీకుతున్నాడు.

"ఏంది అట్ల గీకుతాండారు?" అంది భార్య వీణ.

"పైన రంగంతా కెమికల్. వాట్సాప్‌లో వచ్చింది."

"డాక్టరు అట్లే మింగమన్నాడు కదా?"

"వాళ్లట్లనే అంటారు. వాళ్లకీ రంగు కంపెనీలకీ లోపల్లోపల ఏముందో నీకేం తెలుసు?"

తెల్లగా గీకిన మాత్ర మింగి, రంగు నుంచి ఒంటిని కాపాడుకున్న తృప్తితో, బేకరీ నుంచి తెచ్చిన గులాబీరంగు కేకు తిన్నాడు.

కోటు లేని పార్సిల్ చిన్నపేగు మొదట్లోనే కరిగిపోయింది. సరుకు రక్తంలో కలిసి, కిడ్నీ దాకా విహారయాత్ర చేసి, బయటికి పోయింది. ఎడమ సెక్టార్‌కు ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. పీ-త్రీకి కారణం తెలుసు. చెప్పే దారి తెలియదు. ఒంటికి ఉన్న వైర్‌లెస్‌లో మూడే సిగ్నళ్లు: నొప్పి, రక్తం, జ్వరం. మూడూ పైకి పోయాయి. నొప్పిని దేవేంద్ర గ్యాస్ అని చదువుకున్నాడు. రక్తాన్ని బీట్‌రూట్ అన్నాడు. జ్వరం కంపెనీలో కొత్తగా పెట్టిన ఏసీ వల్ల అని తేల్చాడు. ఒకరోజు బస్సు ఆపించి, అర్జెంటుగా ఫోన్ మాట్లాడాలని పత్తి చేన్లోకి దిగాడు. ఫోన్ మాట్లాడడానికి నీళ్ల బాటిల్ ఎందుకని ఎవరూ అడగలేదు.

కెమెరా పరీక్ష దగ్గరపడింది. స్ప్రే అడుగంటింది. గుంపు అరుపుల్లో పీ-త్రీ మాట ఎవరికీ వినబడడం లేదు, అతనికి కూడా. కార్డులో రెండక్షరాలే మిగిలాయి. చెవి పక్కన ఎవరో గుసగుసలాడారు. అది ఎంత తియ్యగా ఉందంటే, సెవెంటీన్‌ను తాను ఇన్నాళ్లూ తప్పుపట్టినందుకు సిగ్గుపడ్డాడు. తెలియకుండానే ముందు వరుసలోకి నడిచాడు. చెయ్యి పైకి లేచింది. కొట్టండి అనబోయాడు.

పైన తలుపు చప్పుడైంది. మాధవరం నుంచి వీణ అన్న గోవిందన్న వచ్చాడు. ఆదోని మార్కెట్‌లో పత్తి అమ్మి పోవడానికి ఒక్క పూట ఉంటానన్నాడు. గోవిందన్నకు ఒకరి రోగం తెలిస్తే తుంగభద్ర రెండు గట్లకూ తెలిసినట్టే. దేవేంద్ర మాత్ర గుప్పిట్లో దాచుకుని బాత్రూమ్‌లోకి దూరాడు. చాకు వంటింట్లో ఉండిపోయింది.

బయట గోవిందన్న తలుపు కొట్టాడు. "ఏం బావా, ఇంతసేపు? ఒంట్లో బాగలేదా?"

పరువు గొంతుదాకా వచ్చింది. దేవేంద్ర కుళాయి నీళ్లు దోసిట్లో పట్టి, మాత్రను ఎర్ర కోటుతో సహా మింగేశాడు.

కొన్ని గంటలకు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉన్న పీ-త్రీ కాళ్ల దగ్గరకు ఎర్ర కోటు పార్సిల్ దొర్లుకుంటూ వచ్చి కోటు విప్పుకుంది. గోడలోని అలారం వైర్లు కొన్ని తెగాయి. కొన్నే. కానీ గోవిందన్న ఊరికి పోలేదు కాబట్టి ఎర్ర కోటు పార్సిళ్లు ఆగలేదు. ధర పెరిగితే అమ్ముదామని గోవిందన్న వారాల తరబడి కూర్చున్నాడు. పెరగలేదు. పత్తి ధర పెరగకపోవడం వల్ల ఆ తాలూకాలో ఒకరికి మేలు జరగడం అదే మొదలు.

గుసగుస సన్నగిల్లింది. సెవెంటీన్ ఒకరోజు పిలవడం ఆపేసి, గోడ చిల్లుకు మాటు వేయడానికి కూర్చుంది. కార్డులో అక్షరాలు ఒకటొకటే తిరిగొచ్చాయి.

కర్నూలులో కెమెరా దిగిన రోజు, హెలికాప్టర్ సెర్చ్‌లైట్ లాంటి వెలుగు సెక్టార్ మీద పడింది. వార్త అందని న్యూట్రోఫిల్ ఒకడు మూలలోంచి యాసిడ్ ఎత్తాడు. పీ-త్రీ డబ్బాలోని ఆఖరి తుంపర వాడి మొహాన కొట్టాడు. సెవెంటీన్ వాడిని గోడ మాటుకు లాగింది. వెలుగు ఆగింది. పుళ్లు మానిన గులాబీరంగు గోడను చూసింది. ముందుకు పోయింది.

డాక్టరు కోత మాట ఎత్తలేదు. మాత్ర ఎలా వేసుకుంటున్నారని మాత్రం అడిగాడు. దేవేంద్ర నోరు తెరిచేలోపు వీణ చెప్పింది: "మా అన్న వచ్చినకాడ్నుంచి అట్లే మింగుతాండాడు సార్. అంతకుముందు రంగు గీకేస్తాండె."

 ఆ పూత లేకపోతే మందే లేదని డాక్టరు నిదానంగా చెప్పాడు. వీణ విన్నది. దేవేంద్ర తలాడించాడు.

ఇంటికొచ్చాక, తనకు నయమైన అసలు కారణం దేవేంద్ర బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. గోవిందన్న పోతూ పోతూ మంచం తల దక్షిణానికి తిప్పించాడట. నయం చేసినందుకు ఆ వారమే మంచానికి కొత్త పరుపు కొన్నారు.