యశోదమ్మ చోటు

మదనపల్లెలోని ఆ పట్టు షెడ్డులో ఏడో బేసిన్ దగ్గర మూడేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. వేడినీళ్ళలో పట్టుగూళ్ళు వేసి దారం లాగడం అక్కడి పని. ఆ చోట కూర్చునే యశోదమ్మకు చిగుళ్ళ నుంచి నెత్తురు కారేది. గాలి సోకిందన్నారు. పుంగనూరు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. ఆసుపత్రికి మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. ఒకరోజు దారం లాగుతూనే నీళ్ళ మీదికి ఒరిగి ప్రాణం విడిచింది.

కొత్తగా పనికొచ్చిన శోభారాణి నేరుగా పోయి అక్కడే కూర్చుంది. "కిటికీ పక్కనుండాది. గాలి బాగా తగులుతాది," అంది. ఆ మాటకు అందరూ ఉలిక్కిపడ్డారు.

నెల తిరక్కముందే ఆమె పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా పడింది.

"చెప్తే ఇంటివా? ఆడనుంచి లేసి వచ్చేయమ్మా. యశోదమ్మ నిన్ను పట్టుకోనుండాది," అంది షెడ్డులో అందరికంటే పాత మనిషి తాయమ్మ.

"యాల పట్టుకునిందో కనుక్కుంటాలే," అని శోభారాణి సెలవు పెట్టి పళ్ళ డాక్టరు సుష్మ దగ్గరికి పోయింది. డాక్టరు ఆ మధ్యే ఊరికొచ్చిన అమ్మాయి.

"పళ్ళ సందుల్లో పాచి పేరుకుని గార కట్టింది. ఎక్కువమందికి నెత్తురొచ్చేది దీనివల్లే. గట్టి బ్రష్‌తో రుద్దినా, కడుపుతో ఉన్నా, షుగరున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడినా వస్తుంది. పండ్లూ ఆకుకూరలూ తినకపోయినా అంతే."

"దేనికీ తగ్గకపోతే?"

"రక్తపరీక్ష చేయించాలి. అరుదుగా రక్తంలోనే జబ్బుంటుంది."

షెడ్డులో విన్న యశోదమ్మ కథ గుర్తొచ్చి శోభారాణికి కోపమొచ్చింది. గార తీయించుకుంది, మెత్తటి బ్రష్ కొనుక్కుంది. రెండు వారాలకు నెత్తురు ఆగింది. షెడ్డులో అందరి ముందూ నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది.

"సూడండి! యాడుండాది మీ దెయ్యం?"

తాయమ్మ తన పీట ఇంకాస్త దూరం జరుపుకుంది.

ఆ సాయంత్రం మబ్బు పట్టిందని అందరూ ముందే వెళ్ళిపోయారు. మిగిలిన గూళ్ళు పూర్తి చేయాలని శోభారాణి ఒక్కతే ఉండిపోయింది. ఉడికిన పురుగుల వాసన ముక్కుపుటాలకు అంటుకుంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. దారం చుట్టే చక్రాలు ఆగాయి.

ఒక్క చక్రం మాత్రం... కిర్... కిర్...

ఎదురుగా, బేసిన్ ఆవిరి వెనక ఎవరో కూర్చున్నారు. ముఖం కనబడలేదు. నీళ్ళలో నాని ముడతలు పడ్డ చేతులు మాత్రం కనబడ్డాయి. వేళ్ళు దారం కొస వెతుకుతున్నాయి.

టప్... నీళ్ళలో ఒక చుక్క పడింది. ఇంకొకటి. నీళ్ళు ఎర్రబారాయి.

 పారిపొమ్మని కాళ్ళు లాగాయి. శోభారాణి లేవలేదు.

"నాకు... యాల... చెప్పలేదు?" నోటినిండా ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు ఒక గుసగుస.

"చెప్పేవాళ్ళు లేకపోయిరక్కా," అంది శోభారాణి. అంతలోనే ఆమెకు కోపం పొంగింది. "అది నా తప్పా? నేను లేసేది లేదు. ఈ చోటిప్పుడు నాది. నన్ను బెదిరిస్తే నీ నెత్తురు ఆగుతాదా? బస్టాండు వెనకాల సుష్మ డాక్టరమ్మ ఉండాది. ఆయమ్మకు చూపించుకో. నేను పంపినానని చెప్పు. పో!"

చేతులు ఆగాయి. ఆవిరి విడిపోయింది. కరెంటు వచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. శోభారాణి మళ్ళీ దారం అందుకుంది.

ఫోను మోగింది. డాక్టరు సుష్మ. గుసగుసగా మాట్లాడుతోంది.

"శోభారాణిగారూ... మీరు ఎవరినైనా పంపించారా? ఒకామె మీ పేరు చెప్తోంది. తలుపు గడియ వేసే ఉంది... ఎలా వచ్చిందో తెలీదు. కుర్చీలో పడుకుని నోరు తెరిచింది."

"భయపడొద్దు డాక్టరమ్మా. నేను వస్తాండాను," అంటూ శోభారాణి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వానలోకి పరుగుతీసింది.

 అవతల డాక్టరు, ఎవరో చెప్పి చేయిస్తున్నట్టు, మెల్లగా ఆ నోట్లో పళ్ళు లెక్కపెడుతోంది.

"ముప్పై ఒకటి... ముప్పై రెండు... ముప్పై మూడు... ముప్పై నాలుగు..."