రెండో మంగళవారం

బుధవారం పొద్దున్నే సీతారావమ్మ పెరట్లో ఆరబోసిన మిరపకాయలు తిరగబోస్తుంటే, పక్కింటి సుబ్బరత్నం గోడ మీదుగా తల పెట్టి, వచ్చే మంగళవారం టీవీ తలుపులు తెరుస్తారా అని అడిగింది. అడగడమైతే అడిగింది గానీ జవాబు ఆవిడకీ తెలుసు. రాత్రి ఆ గదిలో చాపల మీద కూర్చున్న వీధివాళ్లందరికీ తెలుసు.

పెనుబల్లి దగ్గరి ఆ ఊళ్లో మొదటి టీవీ సీతారావమ్మ మొగుడు చెంచురామయ్యది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అడవి అంచున మిరప వేసి, ఖమ్మం మార్కెట్లో కాయల బేరం చేసి నిలదొక్కుకున్న మనిషి. ఆ టీవీ ఉన్న చెక్కపెట్టెకి రెండు జారుడు తలుపులుండేవి. కొత్త సీరియల్ మొదలైన రోజున అందరూ వచ్చి కూర్చునేవాళ్లు. మొదటి భాగం అయిపోగానే ఎవరూ తెర వైపు చూసేవాళ్లు కాదు, మడత కుర్చీలోని చెంచురామయ్య వైపు చూసేవాళ్లు. ఆయన బాగుందంటే పదమూడు వారాలూ అందరూ చూసేవాళ్లు. లేచి తలుపులు లాగేశాడంటే ఆ ఊళ్లో దాని ఆయుష్షు అంతే. అలా మొదటి భాగంతోనే చచ్చిపోయిన సీరియళ్లు చాలానే ఉన్నాయి. ఒక్కదాని కోసమైనా ఎవరూ ఏడవలేదు. చూడనిదానికి ఏడుపేం వస్తుంది?

నిన్న రాత్రి మొదలైనదానిలో అరగంటసేపు జరిగింది ఒకటే. ఒకావిడ పెట్టె సర్దుకుని, మొగుడి ఎదుటే గడప దాటి రిక్షా ఎక్కింది. ఆ మొగుడేమో మంచివాడిలాగే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు సరికదా, పెట్టె బరువుగా ఉంటుందని సాయం పట్టబోయాడు కూడా. చాపల మీద ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తెర మీద ఇంకా పేర్లు పడుతుండగానే చెంచురామయ్య లేచి, బంగారంలాంటి మొగుణ్ణి వదిలి పోయేదాని కథ మనకెందుకని తలుపులు మూసేశాడు. అందరూ అవునన్నారు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న నిర్మల మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది.

నిర్మల ఆయన ఒక్కగానొక్క కూతురు. ఇల్లందులో కిరాణా కొట్టు నడిపే వెంకటరామారావుకిచ్చి మూడేళ్లయింది. కిందటి నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా బస్సు దిగి వచ్చి, "నాన్నా, నేనింక అక్కడికి పోను" అంది. తర్వాతి మాట నోట్లో ఉండగానే చెంచురామయ్య చెయ్యెత్తి ఆపేశాడు. కోపం చల్లారనీ, తర్వాత చూద్దామన్నాడు. చూడడమంటే ఆయన చూసింది పంచాంగం. వచ్చే బుధవారం మంచిదని తేలితే, వచ్చి తీసుకుపొమ్మని అల్లుడికి కబురు పెట్టాడు.

అల్లుడి మీద ఆయనకున్న నమ్మకం పెళ్లిచూపుల నాటిది. ఆ రోజు ఎవరో ముసలాయన లోపలికొస్తే వెంకటరామారావు లేచి తన కుర్చీ ఇచ్చి నిలబడ్డాడు. చెంచురామయ్య అక్కడికక్కడే తాంబూలాలకి రోజు చూడమన్నాడు. మనిషిని తూచడానికి తనకి ఒక్క చూపు చాలని మూడేళ్లుగా ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాడు.

ఆ బుధవారం పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ సీతారావమ్మ అంది, "పంపేముందు పిల్లని ఒకసారి కూర్చోబెట్టి అడుగుదామండీ."

"ఏందే అడిగేది? మాటా మాటా అనుకుని ఉంటారు. అడిగామా, మొదటి నుంచీ ఎత్తుకుంటుంది."

"ఎత్తుకోనీయండి."

చెంచురామయ్య గ్లాసు కింద పెట్టి కండువా దులుపుకుని చేలోకి వెళ్లిపోయాడు. ఆయన్ని అనడమెందుకు, సీతారావమ్మ మాత్రం అడిగిందా? ఈ నెల రోజుల్లో కూతురికి తల దువ్వింది, ఇష్టమని గోంగూర పచ్చడి నూరింది, పక్కన పడుకుంది. ఏం జరిగిందే అని మాత్రం అడగలేదు. విన్నాక ఊరుకోలేనని ఆవిడకి భయం.

ఆ వారమంతా ఊరు సీరియల్లోని ఆవిణ్ణి చెడామడా తిట్టింది. బోరింగు దగ్గర తిట్టారు, మిరప కోతల్లో తిట్టారు. కొవ్వెక్కిందన్నారు, ఎవడో ఉండి ఉంటాడన్నారు. ఆ మాటలు ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతూనే ఉన్నాయి. నిర్మల నీళ్లకి వెళ్లడం మానేసింది.

మంగళవారం మధ్యాహ్నం సీతారావమ్మ వెళ్లేసరికి నిర్మల తన చీరలు తనే మడిచి సంచీలో పెట్టుకుంటోంది. వెళ్లనన్న పిల్ల నోరు మూసుకుని సర్దుకుంటుంటే చూడలేక ఆవిడ తల తిప్పుకుంది. అప్పుడు నిర్మల తనలో తను అనుకున్నట్టు అంది, "ఆ సీరియల్లో ఆవిడ ఎందుకు వెళ్లిపోయిందోనమ్మా."

ఊరంతా వారం రోజులు నోళ్లు నొప్పి పుట్టేలా మాట్లాడింది గానీ, ఈ మాట ఒక్కరూ అడగలేదు. సీతారావమ్మ నేరుగా వసారాలో ఉన్న మొగుడి దగ్గరికి వెళ్లింది. ఈ రాత్రికి టీవీ తలుపులు తెరవమంది. మూసింది మూసినట్టే అన్నాడాయన.

"సరే, మేం పోయి భీమ్లా ఇంట్లో చూస్తాం."

చెంచురామయ్య నవ్వాడు, అది జరిగే పని కాదని. భీమ్లా కరెంటాఫీసులో లైన్‌మన్. తండాలో ఉంటాడు, ఈ ఏడే టీవీ కొన్నాడు. తండావాళ్లు ఈ వీధికి కూలికి వస్తారు, పండక్కొస్తారు. ఈ వీధి ఆడవాళ్లు తండాకి పోయి ఒక ఇంట్లో కూర్చోవడమనేది ఇప్పటివరకూ లేదు.

పొద్దు గూకుతుండగా సీతారావమ్మ ఉతికిన చీర కట్టుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని వెనక దారిన కాదు, వీధి మధ్యలోంచే నడిచింది. అరుగుల మీదివాళ్లు మెడలు సాచి చూశారు. ఎక్కడికి వదినా అని సుబ్బరత్నం అడిగితే దాచకుండా చెప్పింది. కావాలంటే నువ్వూ రా అని కూడా అంది.

భీమ్లా పెళ్లాం మంగ్లి వాళ్లని చూసి మొదట కంగారుపడింది, ఏమైనా చెడ్డ కబురేమోనని. సంగతి తెలిశాక చాప పరిచి, పొయ్యి మీద టీ పెట్టింది. పెట్టాక తాగుతారో లేదోనని గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. సీతారావమ్మ చెయ్యి చాచి తీసుకుంది.

"మా ఇంట్ల తాగుతవా అమ్మా?" అంది మంగ్లి.

"ఇన్నాళ్లూ నువ్వు పిలవలేదు, నేను రాలేదు. ఇంకొంచెం చక్కెర వెయ్యి."

రెండో భాగం పెట్టెతో మొదలవలేదు. చాలా ఏళ్లు వెనక్కి పోయింది. అదే ఇల్లు, అదే మొగుడు, కొత్త కోడలిగా అదే ఆవిడ. చుట్టాలొస్తే ఆ మొగుడు పెళ్లాన్ని తెగ మెచ్చుకుంటాడు. వాళ్లు గడప దాటాక వారాల తరబడి ఒక్క మాట మాట్లాడడు. ఆవిడ అన్నం పెట్టి పలకరిస్తుంది, గోడతో మాట్లాడుతుంది, చివరికి తన పేరు తనే పైకి పిలుచుకుంటుంది. సీతారావమ్మ పక్కకి చూస్తే నిర్మల చెంపల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

అప్పుడే గుమ్మంలో చెంచురామయ్య నిలబడ్డాడు. వీధి ఊరుకుంటుందా, చేర్చాల్సిన చోటికి చేర్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"లేవండి. పోదాం పదండి."

"ఇది అయ్యాక వస్తాం" అంది సీతారావమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన లేవమన్నాక ఆవిడ కూర్చోవడం అదే మొదలు. పరాయి ఇంట్లో అరవలేక, ఆడవాళ్లని వదిలి పోలేక ఆయన గుమ్మంలోనే ఉండిపోయాడు. భీమ్లా కుర్చీ తెచ్చి, "గిట్ల కూసో అయ్యా" అంటే కూర్చోలేదు. కళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి? అవి తెర మీదికే పోయాయి. అయిపోయేదాకా ఆయనా చూశాడు.

టీవీ కట్టేసి భీమ్లా, గొడ్లకి మేత వెయ్యాలని మంగ్లిని తీసుకుని బయటికి నడిచాడు. గదిలో ముగ్గురే మిగిలారు. ఊరి ముందు తల తీసేశావని చెంచురామయ్య పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. ఆ సీరియల్ మొగుడి మంచితనం మొదటి రోజే చూశాంగా, ఇంకేం చూద్దామని ఇక్కడి దాకా వచ్చావన్నాడు.

సీతారావమ్మ లేచి నిలబడింది. "ఖమ్మం మార్కెట్లో బస్తా మూతి దగ్గరి కాయ చూసి ఎప్పుడైనా ధర కట్టారా మీరు? మంచివి పైన పెడతారని, మోచేతి దాకా చెయ్యి దోపి మధ్యలోంచి తీసి చూస్తారు. ఎండుమిరపకాయలకి ఆ మాత్రం చేస్తారే, కన్నకూతురికి ఎందుకు చెయ్యలేదు? నెలయింది. చెప్పుల్లేకుండా ఎందుకొచ్చావే అని మీరడిగారా, నేనడిగానా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. కోపం ఇంకా పోలేదు గానీ ఈసారి ఆపడానికి చెయ్యి మాత్రం ఎత్తలేదు. "ఏమైందో నాకు ఎప్పుడు చెప్పావు నువ్వు?"

"మొదటి దసరాకే చెప్పాను నాన్నా. కొట్టుకి పోతూ నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుపోతున్నాడని చెప్పాను. దొంగల భయం కాబోలు, జాగ్రత్తపరుడని మీరు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది."

సీతారావమ్మకి ఆ నవ్వు గుర్తొచ్చింది.

నిర్మల తొందరపడకుండా చెప్పింది. పొద్దున వేసిన తాళం రాత్రికి గానీ తీసేవాడు కాదట. జ్వరమొచ్చినా అంతే. ఒకరోజు కిరసనాయిలు స్టవ్ భగ్గుమని పక్కనున్న బట్టలంటుకుంటే, కిటికీ దగ్గర నిలబడి కేకలు వేసిందట. పక్కవాళ్లు గునపంతో కిటికీ ఊచలు పీకి బయటికి లాగారు. అతను వచ్చి కాలిన చెయ్యి చూడలేదు, కిటికీ ఎవరు పగలగొట్టారని అడిగాడు. నిర్మల పొడుగు చేతుల జాకెట్టు పైకి మడిచి చూపించింది. కిందటి నెల ఒక్కరోజు తాళం వెయ్యడం మరిచిపోయాడట. చెప్పులు వెతుక్కుంటే ఆలస్యమవుతుందని అలాగే బస్సెక్కేసింది.

"వెళ్లనని చెప్పానే, దాన్ని మీరు మొదటి భాగం అనుకున్నారు. అది ఆఖరిది నాన్నా. అంతకు ముందువన్నీ చెప్పబోయినప్పుడల్లా మీరు చెయ్యెత్తి ఆపారు."

చెంచురామయ్య భీమ్లా వేసిన కుర్చీలో కూలబడ్డాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి సీతారావమ్మకి జాలేసింది, కానీ వెళ్లి ఓదార్చలేదు. ముందు కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

మర్నాడు పొద్దున బస్సుకి వెంకటరామారావు దిగాడు. తెల్లటి చొక్కా, చేతిలో పళ్లు. దారిలో కనబడిన పెద్దవాళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చాడు. అల్లుడంటే అలా ఉండాలని అరుగుల మీద అనుకున్నారు. అతను వచ్చి మామగారి కాళ్లకి వంగబోతే ఆయన వెనక్కి జరిగాడు. గోడ మీదుగా సుబ్బరత్నం, గేటు దగ్గర ఇంకో నలుగురు అప్పటికే చేరారు. లోపలికి రమ్మని సీతారావమ్మ అనలేదు. ఏదైనా సరే వీధికి వినబడనీ అనుకుంది.

"నా వల్ల ఏం పొరపాటు జరిగిందో చెప్పండి మామయ్యగారూ, దిద్దుకుంటాను" అన్నాడు, అందరికీ వినబడేలా.

"నీ మర్యాద మొదటి రోజే చూశానయ్యా, చూసి మురిసిపోయాను. మిగతాది నిన్న విన్నాను. అమ్మాయి రాదు."

అతని మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ గొంతు మారింది. "నా ఇంటికి నేను తాళం వేసుకుంటే అదీ తప్పేనా?"

తాళం మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. వసారాలోకి నిర్మల వచ్చింది. తలుపు చాటున నిలబడలేదు, మెట్టు దాకా వచ్చింది.

"ఇంటికి వేసుకోండి. లోపల నేనున్నాను" అంది.

వెంకటరామారావు చుట్టూ చూశాడు. దణ్ణాలు అందుకున్న మొహాలే, ఒక్కటీ అతని వైపు లేదు. పళ్ల సంచీ అరుగు మీద పెట్టబోతే, అది కూడా తీసుకుపొమ్మంది సీతారావమ్మ. అతను పోయాక ఊరు ఏమనుకుంటుందో ఆవిడకి తెలుసు. కొందరు కొవ్వెక్కిందనే అంటారు. అననీ. ఆవిడ వెళ్లి గేటు వేసి వచ్చింది.

తిరిగొచ్చేసరికి నిర్మల మెట్టు మీద కూర్చుని ఉంది. చెంచురామయ్య కుర్చీ వైపు వెళ్లబోయి ఆగాడు. వచ్చి కూతురి పక్కన నేల మీదే చతికిలబడ్డాడు.

"ఇంకా చెప్పాల్సింది ఉందా తల్లీ?"

"చాలా ఉంది నాన్నా."

"చెప్పు" అన్నాడు. చేలో కూలీలు వచ్చి ఎదురుచూస్తున్నారని కబురొచ్చినా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు.