నాలుగో రోజు క్యాన్

కాఫీ గ్లాసులు ఇంకా కడగనేలేదు, ల్యాబ్ నుంచి అంకెలు వచ్చేశాయి. కోడలు వంటింటి బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి, చదువుతోంది. ఎముకల మీద మూడేళ్ళుగా చేస్తున్న పరిశోధనలో ఇది ఆఖరి మనిషి లెక్క. ఆ మనిషి ఎవరో కాదు, సొంత అత్తగారే. ఆవిడ దర్జీ. కిందటేడు కత్తెర పట్టే చెయ్యి మణికట్టు దగ్గర విరిగితే, ఎముకలు గుల్లబారాయన్నారు డాక్టర్లు.

పద్ధతి చెప్పడానికి తేలిక, చెయ్యడానికి నరకం. ఆరు రోజులు తినే ప్రతి ముద్దా తూకం వెయ్యాలి. ఒంట్లోంచి పోయేదంతా చుక్క పోకుండా క్యాన్లలో పట్టాలి. లోపలికి వెళ్ళినదాంట్లోంచి బయటికి వచ్చింది తీసేస్తే, మిగిలిందే ఒంట్లో నిలిచిన కాల్షియం, ఫాస్ఫరస్.

“అత్తయ్యా, కాల్షియం నిలిచింది. రోజుకి నలభై మిల్లీగ్రాములు!”

అత్తగారు కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చారు. కొడుకు గడ్డం నిండా నురగతో పరిగెత్తుకొచ్చాడు.

“మా అమ్మ గట్టిపడుతోందన్నమాట. సోమవారం నీ రిపోర్టు అదిరిపోతుంది.”

“ఉండండి, ఫాస్ఫరస్ చూడనివ్వండి.”

చూసింది. నూట ఇరవై. మొహంలో రంగు మారింది. ఎముకలో ఆ రెండూ జంటగా చేరతాయి, కాల్షియం రెండు వంతులైతే ఫాస్ఫరస్ ఒక వంతు. నలభైకి ఇరవై రావాలి. అంటే బయటికి పోయింది ఎక్కడో లెక్కలోకి రాలేదు. ఫాస్ఫరస్ ఎక్కువగా మూత్రంలోనే పోతుంది కాబట్టి తప్పు అక్కడే ఉండాలి. రోజువారీ అంకెలు వెతికింది. నాలుగో రోజు క్యాన్ నిండుగానే ఉంది, లోపలున్నది మాత్రం దాదాపు అంతా నీళ్ళే.

“నాలుగో రోజు ఏం జరిగింది అత్తయ్యా?”

“ఏం జరుగుతుంది? పట్టాను, మూత పెట్టాను.” ఆవిడ చూపు కిటికీ మీదికి పోయింది.

“ఇందులో కుళాయి నీళ్ళున్నాయి.”

“చేతికి పట్టు చాలక జారిపోయింది. ముందురోజు క్యాన్ ఏ గీత దాకా నిండిందో అక్కడి దాకా నీళ్ళు పోశాను,” అన్నారు అత్తగారు.

“మూడేళ్ళ చాకిరీ. పదకొండు మందితో సరిగ్గా వచ్చింది, మన ఇంట్లోనే బోల్తా కొట్టింది. ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

“బాత్రూం తలుపు మీద రాసి పెట్టావు కదమ్మా, చుక్క పోతే అంతా పోయినట్టేనని. అది చదివినప్పుడల్లా నాకు భయమేసేది. నీ పని చెడగొట్టిన ముసలిదాన్ని అనిపించుకోవడం కంటే అబద్ధమే నయమనిపించింది.”

“పోనీ, ఇలాగే ఇచ్చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు కొడుకు.

కోడలి చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఆగిపోయింది. నిజమే, ఎవరూ అడగకపోవచ్చు. అత్తగారే కొడుకు మీద విరుచుకుపడ్డారు.

“నోర్మూసుకుని గడ్డం కడుక్కో పో. కొలత అనుమానంగా ఉంటే నేను గుడ్డ మీద కత్తెరే పెట్టను. అమ్మాయ్, నన్ను మళ్ళీ కొలువు.”

కోడలు వెళ్ళి తలుపు మీది కాగితం పీకేసింది. బయటి పదకొండు మందికీ నవ్వుతూ “ఒలికితే చెప్పండి, పర్వాలేదు” అని చెప్పిన మనిషి, ఇంట్లో పెద్దావిడకి మాత్రం బెదిరింపు అంటించింది. సిగ్గుతో ఆమెకి కళ్ళు నిండాయి. “నన్ను క్షమించండి అత్తయ్యా” అంటూ ఆవిడ పక్కన కూలబడింది.

సోమవారం పై అధికారిని బతిమాలి రెండు వారాల గడువు తెచ్చుకుంది. మళ్ళీ తూకాలు, మళ్ళీ క్యాన్లు. మూడో రోజు ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. అత్తగారి గొంతు గది మొత్తానికీ వినిపించింది.

“అమ్మాయ్, అర గ్లాసు ఒలికింది. నీళ్ళు పొయ్యలేదు, నేల తుడవలేదు. వచ్చి తిట్టుకుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం.”

“ఈ రోజు వదిలేసి ఇంకో రోజు కలుపుదాం అత్తయ్యా, ఏమీ కాదు,” అంది కోడలు, అందరి ముందూ ఏడుస్తూ నవ్వుతూ.

చివరికి లెక్క తేలింది. కాల్షియం పద్దెనిమిది, ఫాస్ఫరస్ తొమ్మిది.

“నలభై నుంచి పద్దెనిమిదికి దిగానా?” అత్తగారు డీలాపడ్డారు.

కోడలు ఆవిడ మణికట్టుని రెండు చేతుల్లోకి తీసుకుంది. “మిగతా ఇరవై రెండూ ఆ రోజు నేల మీద పోయినవి అత్తయ్యా. ఈ పద్దెనిమిదీ ఇక్కడే ఉన్నాయి.”